డబ్బులిచ్చి ఈ-మెయిళ్ళు చదివించే వెబ్‌సైట్లు

ప్రకటనలతో కూడిన ఈ-మెయిళ్ళను తెరచి చదివినందుకు సభ్యులకు కొద్దిపాటి సొమ్ము చెల్లించే అంతర్జాల సేవలను డబ్బులిచ్చి ఈ-మెయిళ్ళు చదివించే వెబ్‌సైట్లు అంటారు. ఆంగ్లంలో వీటిని 'పెయిడ్ టు రీడ్' అని, క్లుప్తంగా 'పీటీఆర్' అని వ్యవహరిస్తారు. ఇవి 1990ల ద్వితీయార్ధంలో అమెరికాలో పుట్టి, 2000 దశకంలో ఇతర దేశాలకు వ్యాపించాయి. ఇంటిపట్టున ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకోవాలనుకొనే విద్యార్థులను, గృహిణులను, విశ్రాంత ఉద్యోగులను ఇవి విశేషంగా ఆకర్షించాయి. చెప్పిన మాట ప్రకారం సొమ్ము చెల్లించిన సంస్థలు వీటిలో ఉన్నాయి గనుక అన్నీ మోసాలేననడం సరికాదు. అయితే నిజాయితీగా నడచిన వాటిలో సైతం వెచ్చించిన కాలానికి దక్కే ప్రతిఫలం అత్యల్పం. ఆ ప్రతిఫలం ఎందుకు పెరగదో తెలిస్తే, పెద్ద మొత్తాలను ఆశగా చూపే పథకాలు ఎందుకు నమ్మదగనివో కూడా బోధపడుతుంది.

పుట్టుక

సమాచారం పెరిగేకొద్దీ దానిని పట్టించుకొనే మనిషి శ్రద్ధ కరవవుతుందని అర్థశాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే సూచించాడు. కరవైన వస్తువుకు ధర ఉంటుంది. పాఠకుని శ్రద్ధను ప్రకటనకర్త నేరుగా కొనుక్కోవచ్చు గదా అన్న ఆలోచన ఈ వెబ్‌సైట్లకు మూలం. నాట్ గోల్డ్‌హేబర్ స్థాపించిన సైబర్‌గోల్డ్ ఈ ఆలోచనను అమలులో పెట్టిన తొలి సంస్థలలో ఒకటి. ప్రకటనపై దృష్టి పెట్టినవారికి ప్రతిఫలం ఇచ్చే పద్ధతికి 'శ్రద్ధ దళారీతనం' అని అర్థం వచ్చే పేరుతో 1998లో అమెరికాలో పేటెంటు కూడా మంజూరైంది. 1996లో మొదలైన మైపాయింట్స్ సొమ్ముకు బదులు పాయింట్లు ఇచ్చి, వాటిని బహుమతి కూపన్లుగా మార్చుకొనే వీలు కల్పించింది. 2000లో సైబర్‌గోల్డ్ ఇందులో విలీనమైంది.

పిలవని ప్రకటనల మెయిళ్ళు వెల్లువెత్తుతున్న రోజులవి. గ్రహీత అనుమతి తీసుకొని పంపే ప్రకటనకే విలువ ఉంటుందని సేథ్ గాడిన్ 1999లో ఒక పుస్తకమే వ్రాశాడు. డబ్బు తీసుకొని చదవడానికి ఒప్పుకొన్న సభ్యుడు అనుమతి ఇచ్చినట్లే గనుక, ఈ వెబ్‌సైట్లు తమను తాము ఆ సిద్ధాంతానికి ఉదాహరణగా చూపుకొన్నాయి.

ఇదే కుదురుకు చెందిన ఆల్‌అడ్వాంటేజ్ కథ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 1999 మార్చిలో మొదలైన ఈ సంస్థ మెయిళ్ళకు కాక, కంప్యూటరు తెర అంచున ప్రకటనల పట్టీ ఉంచుకొని అంతర్జాలంలో విహరించినందుకు గంటకు 50 సెంట్ల చొప్పున, నెలకు కొన్ని గంటల పరిమితితో చెల్లిస్తామన్నది. చేర్పించిన వారి గంటలపైన, వారు చేర్పించిన వారి గంటలపైన కూడా కొసరు ఇస్తామన్నది. 18 నెలల్లో సభ్యులు కోటి దాటారు. ఇచ్చిన మాట ప్రకారం చెక్కులు కూడా వచ్చాయి. అయితే ఆ సొమ్ములో అధికభాగం ప్రకటనల రాబడి కాదు, సాఫ్ట్‌బ్యాంక్ వంటి మదుపుదారులు పెట్టిన పెట్టుబడి. మనిషి లేకుండానే మౌసును కదిలించి గంటలు లెక్కకు వచ్చేటట్లు చేసే ప్రోగ్రాములు కూడా పుట్టుకొచ్చాయి. షేర్ల విక్రయానికి చేసుకొన్న ఏర్పాటును 2000లో విరమించుకొన్న ఆ సంస్థ 2001 ఫిబ్రవరిలో మూతపడింది. ప్రకటన ద్వారా వచ్చే దానికన్నా చూసేవారికి ఇచ్చేది ఎక్కువైతే ఎంత పెట్టుబడి ఉన్నా నిలవదని అది తేల్చింది.

తరువాత మిగిలినవి జాగ్రత్తపడ్డాయి. 2000లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో డారెన్ కాటర్ స్థాపించిన ఇన్‌బాక్స్‌డాలర్స్ మెయిలుకు ఒకటి రెండు సెంట్ల వంటి స్వల్ప మొత్తాలకే పరిమితమై రెండు దశాబ్దాలు నిలిచింది. దీనిని 2019లో ప్రోడీజ్ అనే సంస్థ కొనుగోలు చేసింది. మైపాయింట్స్‌ను ఆ సంస్థే అంతకుముందు 2016లో కొన్నది.

పని తీరు

సభ్యత్వం సాధారణంగా ఉచితం. చేరేటప్పుడు వయసు, చదువు, ఆదాయం, అభిరుచులు, ఇంట్లోని వాహనాలు మొదలైన వివరాలు నింపాలి. ఆ వివరాలను బట్టి ప్రకటనల మెయిళ్ళు వస్తాయి. మెయిలును తెరిస్తే చాలదు. అందులోని లంకెను నొక్కాలి, తెరుచుకొన్న పేజీని 15 నుండి 30 సెకన్లు ఉంచాలి. పేజీ పైభాగాన అంకెలు లెక్కపెట్టే గడియారం ఒకటి ఉంటుంది. అది పూర్తయ్యాక సభ్యుని ఖాతాలో ఒక సెంటో అర సెంటో జమ అవుతుంది. ఖాతాలోని మొత్తం నిర్ణీత పరిమితిని చేరేవరకు సొమ్ము చేతికి రాదు.

ప్రకటనకర్త ఇచ్చే సొమ్ములో వెబ్‌సైటు తన వాటా ఉంచుకొని, మిగిలినది చదివినవారికి, వారిని చేర్పించినవారికి పంచుతుంది. ఇక్కడే అసలు చిక్కున్నది. ప్రకటనకర్త డబ్బు ఇచ్చేది ఎవరో తన పేజీని చూసినందుకు కాదు, చూసినవారిలో కొందరైనా సరుకు కొంటారని. సెంటు కోసం పేజీని తెరచినవాడికి సరుకుతో పని లేదు; అతని చూపు గడియారం మీదనే ఉంటుంది. సంతలో కరపత్రం అందుకొన్న ప్రతివారికి ఒక రూపాయి ఇస్తామంటే వరుస పెరుగుతుంది గాని కరపత్రం చదివేవారు పెరగరు; పైగా ఒకే మనిషి నాలుగుసార్లు వచ్చి నిలబడతాడు. వెబ్‌సైట్లలోనూ ఇదే జరిగింది. ఒకే వ్యక్తి అనేక పేర్లతో ఖాతాలు తెరవడం, ప్రోగ్రాములతో లంకెలు నొక్కించడం సర్వసాధారణమైనాయి. దీనితో పేరున్న వ్యాపార సంస్థలు తప్పుకొన్నాయి, ప్రకటన ధర పడిపోయింది. ధర పడిపోయినందున సభ్యునికిచ్చేది మరింత తగ్గింది. చాలా చిన్న వెబ్‌సైట్లలో చివరకు మిగిలిన ప్రకటనలు ఏవనగా, ఇటువంటి ఇతర వెబ్‌సైట్లవే. ఒక పీటీఆర్ సైటు సభ్యుణ్ణి ఇంకొకటి పిలుస్తుంది, దాని సభ్యుణ్ణి వేరొకటి పిలుస్తుంది. బయటినుండి వచ్చే పైకం మాత్రం లేదు.

అందుచేత దీర్ఘకాలం నిలిచిన సంస్థలకు మెయిళ్ళ పఠనం ప్రధాన వ్యాపారం కాలేదు. అది సభ్యుణ్ణి రోజూ రప్పించే ఎర మాత్రమే. వాటి రాబడి సర్వేలలో, ఆన్‌లైన్ కొనుగోళ్ళపై వచ్చే కమీషన్లలో, 'ఉచిత నమూనా' ఆఫర్లలో ఉన్నది. చివరిదాని విషయంలో జాగ్రత్త అవసరం. ఉచితమని చెప్పి క్రెడిట్ కార్డు సంఖ్య అడిగి, గడువులోగా రద్దు చేసుకోకపోతే ప్రతినెలా సొమ్ము వసూలు చేసే పద్ధతి వీటిలో కొన్నింటికి ఉన్నది. మెయిళ్ళు చదివి ఏడాదిలో కూడబెట్టినది ఒక్క నెల వసూలుతో పోతుంది.

రాబడి లెక్క

ఒక ఉదాహరణ తీసుకొందాం. మెయిలుకు ఒక సెంటు చొప్పున, చెల్లింపు పరిమితి 30 డాలర్లుగా ఉన్న వెబ్‌సైటులో సొమ్ము చేతికి రావాలంటే 3,000 మెయిళ్ళు చదవాలి. మెయిలు తెరవడం, లంకె నొక్కడం, గడియారం ఆగడం అన్నీ కలిపి నిమిషం పడుతుందనుకొంటే 50 గంటల పని. 2000 దశకం మధ్యలో డాలరు సుమారు 45 రూపాయలుండేది, అనగా మొత్తం 1,350 రూపాయలు. ఆ రోజుల్లో సొంత కంప్యూటరు లేని విద్యార్థి ఇంటర్నెట్ కేఫ్‌కు వెళ్ళాలి. గంటకు 15 రూపాయల చొప్పున 750 రూపాయలు అక్కడే పోతాయి. మిగిలిన 600 రూపాయలలో డాలర్ల చెక్కును మార్చడానికి బ్యాంకు తీసుకొనే రుసుము పోగా గంటకు పది రూపాయలు మిగిలితే గొప్ప. కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లన్నమాట.

ఈ లెక్క కూడా ఆశావహమైనదే. 3,000 మెయిళ్ళు వరుసగా వస్తాయన్న ఊహ మీద ఇది ఆధారపడినది. నిజాయితీగల వెబ్‌సైటుకు దొరికే ప్రకటనలు పరిమితం గనుక, సొమ్ము ఇచ్చే మెయిళ్ళు రోజుకు ఒకటి రెండు మించి పంపలేదు. రోజుకు రెండు చొప్పున 3,000 మెయిళ్ళకు 1,500 రోజులు, అనగా నాలుగేళ్ళకు పైమాట. కొన్ని నెలలు లోపలికి రాని ఖాతాలను రద్దుచేసి అందులోని సొమ్మును కలుపుకొనే నిబంధన చాలా సైట్లలో ఉంటుంది. నాలుగేళ్ళు సైటు నిలిచి ఉండాలన్నది మరొక షరతు. పరిమితిని చేరలేక సభ్యులు వదులుకొన్న సొమ్ము సంస్థకే మిగులుతుంది. పరిమితి ఎక్కువగా ఉండటం వెనుక చెక్కు ఖర్చుతోపాటు ఈ కారణమూ లేకపోలేదు.

డాలరు విలువ రూపాయలలో దాదాపు రెట్టింపు కావడం, ఇంట్లోనే చవకగా అంతర్జాలం దొరకడం వలన ఈ లెక్క ఇప్పుడు మెరుగుపడినట్లు కనిపించవచ్చు. కాని మెయిళ్ళ సంఖ్య పెరగలేదు. పైగా 2013 నుండి జీమెయిల్ వంటి సేవలు ప్రకటనల మెయిళ్ళను వేరే అరలో పడవేస్తున్నందున వాటిపై ప్రకటనకర్తల ఆసక్తి మరింత తగ్గింది.

ఇక చేర్పించడం వలన వచ్చే కొసరు సంగతి. ఒక్కొక్కరు ఐదుగురిని చేర్పిస్తే మెట్టుమెట్టుకూ ఆదాయం పెరుగుతుందని ప్రకటనలు చెబుతాయి. మొదటి మెట్టులో 5, రెండవదానిలో 25, మూడవదానిలో 125 మంది. ఇలా 13వ మెట్టుకు చేరితే 122 కోట్ల మంది కావాలి. అప్పటికి అన్ని మెట్లు కలిపి 152 కోట్లు, భారతదేశపు మొత్తం జనాభాను మించిన సంఖ్య. గుణశ్రేణి పాఠం చదివిన పదవ తరగతి విద్యార్థి కాగితం మీద వేసుకోగల లెక్క ఇది.

భారతదేశంలో

భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ప్రారంభమైంది. తరువాతి పదేళ్ళలో పట్టణాల్లో వీధివీధినా ఇంటర్నెట్ కేఫ్‌లు వెలిశాయి. హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలో కళాశాల విద్యార్థులు పరీక్షా ఫలితాలకోసం, ఉద్యోగ దరఖాస్తులకోసం వీటికి వెళ్ళేవారు. విదేశీ పీటీఆర్ సైట్లు వారికి పరిచయమైనది ఎక్కువగా అక్కడే. అయితే చాలా సైట్లు భారతీయ సభ్యులను చేర్చుకొనేవి గాని, ప్రకటనలు అమెరికా, బ్రిటన్ కొనుగోలుదారులకు ఉద్దేశించినవి గనుక ఇక్కడివారికి వచ్చే మెయిళ్ళు తక్కువ. సొమ్ము రాక కూడా సులభం కాదు. 2010లో పేపాల్ సంస్థ భారతదేశానికి వచ్చే వ్యక్తిగత చెల్లింపులను నిలిపివేసింది. 2011 మార్చి నుండి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, అందులోకి వచ్చిన సొమ్మును అక్కడే ఖర్చుపెట్టక బ్యాంకు ఖాతాకు మళ్ళించుకోవలసి వచ్చింది.

ఇక్కడ కంప్యూటరు కన్నా సెల్‌ఫోనే ముందుగా ఇంటింటికీ చేరినందున, ఇదే ఆలోచన ఎస్ఎంఎస్ రూపంలో వచ్చింది. 2007లో బెంగుళూరునుండి మొదలైన ఎమ్‌జింజర్ ఒక్కొక్క ప్రకటన సందేశానికి 20 పైసలు చెల్లించింది. వంద రూపాయలు కావాలంటే 500 సందేశాలు రావాలి. వాణిజ్య సందేశాలపై టెలికాం నియంత్రణ సంస్థ 2010 డిసెంబరులో ప్రకటించిన నిబంధనలు 2011 సెప్టెంబరులో అమలులోకి వచ్చాక ఇటువంటి సేవలకు గడ్డుకాలం వచ్చింది. ఎమ్‌జింజర్ కూడా తరువాత నిలిచిపోయింది. దీనివలన ఎవరూ ధనవంతులు కాలేదు, ఎవరి సొమ్మూ పోలేదు. రాబోయే వాటితో పోలిస్తే ఆ రెండవ మాట చిన్నది కాదు.

ఎదురు కట్టమనే పథకాలు

చదివినందుకు, నొక్కినందుకు డబ్బు అన్న మాటకు జనం అలవాటు పడిన తరువాత, ముందుగా సభ్యుడే కొంత కట్టాలనే పథకాలు బయలుదేరాయి. వీటికీ పైన చెప్పిన వాటికీ పోలిక పైపైనే. అక్కడ సొమ్ము ప్రకటనకర్తనుండి సభ్యునికి పోతుంది. ఇక్కడ సభ్యునినుండి సంస్థకు పోతుంది, అందులో కొంత పాత సభ్యునికి తిరిగి వస్తుంది.

2010-11లో దేశమంతటా ప్రచారం పొందిన స్పీక్ ఏషియా ఇందుకు నిదర్శనం. సింగపూరులో నమోదైన ఈ సంస్థలో ఏడాదికి 11,000 రూపాయలు చందా కట్టినవారికి వారానికి రెండు సర్వేలు వచ్చేవి. వాటిని నింపితే 1,000 రూపాయలు. పదకొండు వారాల్లో కట్టినది తిరిగి వచ్చేది. ఏడాదికి 52,000 రూపాయలని ప్రచారం. కట్టిన 11,000 పోను మిగిలిన 41,000 రూపాయలు ఎక్కడనుండి రావాలి? బయటి కంపెనీలు సర్వేలకు సొమ్ము ఇవ్వకపోతే, ఒక్క సభ్యునికోసం దాదాపు నలుగురు కొత్తవారి చందా కావాలి. తమ ఖాతాదారులని స్పీక్ ఏషియా పేర్కొన్న ప్రసిద్ధ కంపెనీలలో కొన్ని తమకు సంబంధం లేదని 2011లో ప్రకటించాయి. అదే ఏడాది చెల్లింపులు ఆగిపోయాయి. సుమారు 24 లక్షల మంది చేరారని, 2,276 కోట్ల రూపాయల వ్యవహారమని వార్తలు వచ్చాయి. మొదట్లో చేరి సొమ్ము అందుకొన్నవారే తెలియకుండా దీనికి ప్రచారకులయ్యారు. వారు అబద్ధం చెప్పలేదు. తమకు నిజంగానే డబ్బు వచ్చింది. ఈ రకపు పథకాలలో బంధువులు, సహోద్యోగులు, ఒకే వీధివారు కలిసి నష్టపోవడానికి కారణం ఇదే.

2017 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ పోలీసులు నోయిడాలో బయటపెట్టిన 'సోషల్ ట్రేడ్' వ్యవహారంలో మెయిళ్ళకు బదులు లంకెలుండేవి. 5,750 నుండి 57,500 రూపాయల వరకు కట్టినవారికి ఒక్కొక్క నొక్కుకు 5 రూపాయలు ఇస్తామన్నారు. నిజమైన ప్రకటనకర్తలు లేని చోట ఒక నొక్కుకు ఐదు రూపాయలన్నదే అనుమానించవలసిన అంకె. దీని పరిమాణం సుమారు 3,700 కోట్ల రూపాయలని పోలీసులు చెప్పారు.

ఇటీవలి రూపం ఫోన్లోని వాట్సాప్, టెలిగ్రామ్ సందేశాల ద్వారా వస్తున్నది. హోటళ్ళకో వీడియోలకో రేటింగు ఇస్తే చాలు, చిన్న మొత్తం ఇస్తామంటారు, ఇస్తారు కూడా. తరువాత 'టాస్క్' చేయడానికి ముందుగా వెయ్యి కట్టమంటారు, దానికీ లాభం చూపుతారు. నమ్మకం కుదిరాక లక్షలు అడుగుతారు. తెరమీద లాభం పెరుగుతూనే ఉంటుంది, తీసుకోబోతే మాత్రం పన్ను అనో రుసుము అనో మరికొంత కట్టమంటారు. 2023 జూలైలో హైదరాబాదు పోలీసులు ఇటువంటి ముఠాకు చెందిన తొమ్మిది మందిని అరెస్టు చేసి, దేశవ్యాప్తంగా సుమారు 15,000 మంది 712 కోట్ల రూపాయలు పోగొట్టుకొన్నారని వెల్లడించారు. ఆ సొమ్ము పలు బ్యాంకు ఖాతాల గుండా తిరిగి క్రిప్టో కరెన్సీగా మారి విదేశాలకు చేరింది. బాధితులలో చదువుకొన్నవారు, ఉద్యోగస్థులు ఉన్నారు గనుక దీనిని కేవలం అమాయకత్వంగా కొట్టివేయడం న్యాయం కాదు. మొదటి చెల్లింపు నిజమే గనుక రెండవది కూడా నిజమని అనుకోవడం మానవ సహజం.

చట్టం, ఫిర్యాదులు

సభ్యులను చేర్పించడంపైనే ఆదాయం ఆధారపడే పథకాలను 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం నిషేధిస్తుంది. గొలుసుకట్టు విక్రయాల విషయంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో ఈ చట్టం వర్తిస్తుందని నిర్ణయించింది. ఇటువంటి పథకాలలో నడిపినవారే కాక, కొసరుకోసం ఇతరులను చేర్పించినవారు కూడా నేరస్థులవుతారన్నది చాలామంది గమనించని విషయం. అనుమతి లేని డిపాజిట్ల నిషేధానికి 2019లో మరొక చట్టం వచ్చింది.

సొమ్ము కట్టమనని సైటులో చేరదలచినవారు అందుకోసం ప్రత్యేకంగా ఒక ఈ-మెయిల్ చిరునామా తెరచుకోవడం మేలు. సొంత చిరునామా ఇస్తే, ఆ సైటు మూతపడిన తరువాత కూడా చేతులు మారిన జాబితా వలన ప్రకటనలు వస్తూనే ఉంటాయి. బ్యాంకు పాస్‌వర్డు, ఓటీపీ, ఆధార్ ప్రతి అడిగే సైటుకు మెయిళ్ళు చదివించడంతో పని లేదని గ్రహించాలి.

మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. సొమ్ము ఒక ఖాతానుండి మరొకదానికి మారేలోపు ఫిర్యాదు అందితే బ్యాంకులు దానిని నిలిపివేయగలవు గనుక మొదటి గంటలు విలువైనవి. చెల్లింపు లావాదేవీ సంఖ్యలు, సందేశాల స్క్రీన్ షాట్లు చెరపకుండా ఉంచుకోవాలి. కొంత కమీషనుకు ఆశపడి తమ బ్యాంకు ఖాతాను, ఏటీఎం కార్డును ఇతరులకు వాడుకోనిచ్చే విద్యార్థుల విషయం వేరు. మోసపు సొమ్ము ఆ ఖాతాగుండా పోయినపుడు పోలీసులు మొదట వచ్చేది ఖాతాదారు ఇంటికే, అప్పుడు అతడు నిందితుల జాబితాలో చేరుతాడు.